మిఠాయి ఆగిపోయిన ఏడు

మొన్న మా మండల కేంద్రంలో బస్సు దిగేసరికి ఎదురుగా మామ కనిపించాడు. కరెంటు స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో ఉన్నాడు. చుట్టూ గులాబీలు, వెనకాల మంచుకొండలు, నెత్తి మీద ఎవరో దేవతలు పూలు చల్లుతున్న బొమ్మ. బతికినన్నాళ్ళూ మంచు అంటే ఐసుబండి మీద చూసిందే తప్ప ఇంకోటి ఎరగని మనిషి. కింద ఎర్ర అక్షరాల్లో "తొంభై ఏడేళ్ళ నిండు జీవితం" అని రాశారు. మర్నాడే ఆయన పోయిన పదకొండో రోజు.

పక్కన టీ కొట్టు దగ్గర ఇద్దరు ఆ ఫ్లెక్సీనే చూస్తున్నారు.

"ఇంక మూడేండ్లుంటే నూరు కొట్టేటోడు."

"అప్పటి తిండి అసుంటిది. జొన్న గట్క తిన్న పానం కదనే."

తాగుతున్న టీ గ్లాసు దించి వాళ్ళ వైపు చూశాను. తొంభై ఏడు కాదు, ఎనభై అయిదు. పైన ఉన్న పన్నెండేళ్ళూ జొన్న గట్క ఇచ్చినవి కావు, పట్నంలో ఒక గుమాస్తా ఇచ్చినవి. వాటిని తీసేయించుకునే దారి మామకు జన్మలో ఒక్కసారి దొరికింది. దాన్ని చెడగొట్టింది నేను. నోరు మూసుకోవాల్సినప్పుడు తెరిచి, తెరవాల్సినప్పుడు మూసుకుని చెడగొట్టాను.

నా నోటి సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. అయిదో తరగతిలో, కునికిపాట్లు పడుతున్న సారు కుర్చీకి ఆయన పంచె కొసను ముడివేసి, "సార్, ఇన్స్‌పెక్టర్ వచ్చిండు" అని అరిచాను. ఆ రోజుతో నా చదువు పూర్తయింది. అలాంటివాణ్ణి సముద్రం దాటించి, ఒమన్‌లో, సమాయిల్‌లో ఏం పనికి పెట్టారనుకున్నారు? బడి కట్టే పనికి. మా దిక్కు వాళ్ళకు అది విన్నప్పుడల్లా నవ్వే. "నువ్వు ఇడిసిపెట్టినా అది నిన్ను ఇడిసిపెడుతలేదురా" అనేవాడు మామ.

మామ అంటే సొంత మామ కాదు. పక్క ఊరి సుతారి, అంటే తాపీమేస్త్రి. మా ఇద్దరికీ ఒకే ఏజెంటు, ఒకే విమానం. సముద్రం కనపడగానే ఇద్దరమూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకున్నాం. దిగేసరికి ఆయన నాకు మామ, నేను ఆయనకు అల్లుణ్ణి అయిపోయాం. మొదటి నెల అక్కడి రాజధానిలో, హమ్రియా అనే పేటలో ఒక ఇరుకు రూమ్‌లో పన్నెండు మందిమి పడుకుని, తర్వాత సమాయిల్ సైట్‌కు వచ్చాం.

సమాయిల్ ఇప్పటికీ నాకు ముక్కులోంచే మొదలవుతుంది. పొద్దున్నే తడి సిమెంటు వాసన. దాని మీద జనరేటర్ డీజిలు. ఎండ ఎక్కేకొద్దీ ఖర్జూరపు తోటల్లోంచి బెల్లం పాకం మాడినట్టు ఒక తీపి కమురు. సాయంత్రం ఎవరింట్లోనో నిప్పుల మీద వేసిన సాంబ్రాణి పొగ. సైట్‌కూ తోటలకూ మధ్య రాతి కాలువ పారేది. దాన్ని అక్కడ ఫలజ్ అంటారు. ఎక్కడో కొండ కడుపులో పుట్టి, మనిషి తవ్విన దారిలో వచ్చి, అడుగు వెడల్పున, ఏడాది పొడుగునా చప్పుడు చేస్తూ పోతుంది. డ్యూటీ దిగగానే మామ కాళ్ళు అందులో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు.

ఇంటి దగ్గర ఆయనకు ఒక బావి ఉంది. సగం బావి. పదిహేను గజాలు తవ్వాక బండ తగిలింది. ఆ బండను పేల్చి నీళ్ళు చూడాలంటే ఇంకో రెండేళ్ళు ఇక్కడ తాపీ పట్టాలి. "నీళ్ళ సప్పుడు ఇన్నంకనే సుతారి పని బంజేస్త" అనేవాడు. అందాకా అద్దెకు తెచ్చుకున్నట్టు ఈ కాలువ చప్పుడే వినేవాడు.

వంట కూడా ఆయనదే. ఊరి నుంచి తెచ్చిన చింతపండు రెండో నెలకే అయిపోయింది. అక్కడి కొట్లో నల్లగా, గోళీల్లా, లోపల డొల్లగా ఉండే ఎండు నిమ్మకాయలు దొరికేవి. మామ వాటిని నలగ్గొట్టి, నానబెట్టి, ఉల్లిగడ్డ పిసికి, కాల్చిన మిరపకాయ వేసి పచ్చిపులుసు చేశాడు. మొదటిరోజు అందరూ ముఖాలు చిట్లించారు. వారానికల్లా ఆ వాసన రాకపోతే ముద్ద దిగేది కాదు.

ఇప్పుడు మా అబద్ధాల సంగతి చెప్పాలి.

విమానం ఎక్కేసరికి నాకు పద్నాలుగు. పాస్‌పోర్టులో ఇరవై. పిల్లల్ని తీసుకోరని ఏజెంటు ఆరేళ్ళు కలిపాడు. నేను రోజూ ఆముదం రాసి మీసాన్ని పిలిచేవాణ్ణి. అది వస్తానంటూనే రాకుండా మా ఏజెంటులాగే తిప్పించుకునేది. మామది ఇంకో తమాషా. కంపెనీకి బాగా అనుభవమున్న సుతారులు కావాలన్నారట. ఆశకు పోయి "నాకు ముప్పయేండ్ల అనుభవం" అన్నాడు. నిజానికి పద్దెనిమిదేళ్ళే. పాస్‌పోర్టు రాసే గుమాస్తా తల ఎత్తకుండానే, ఇరవయ్యో ఏట పని మొదలుపెట్టి ఉంటాడని లెక్కగట్టి, మామను యాభయ్యేళ్ళ మనిషిగా రాసేశాడు. పుట్టిన తేదీ ఇద్దరికీ జూలై ఒకటే. మా క్యాంపులో సగం మంది ఆ రోజే పుట్టారు. మా దిక్కు తల్లులందరూ మాట్లాడుకుని కన్నట్టు.

రెండేళ్ళపాటు ఆ అబద్ధాలు మా పెట్టెల అడుగున చప్పుడు చెయ్యకుండా పడుకున్నాయి. ఆ ఎండాకాలం లేచాయి.

ఒక శుక్రవారం మెస్ గోడకు కాగితం అంటించారు. చదివి చెప్పింది టైంకీపర్ చాచా. హైదరాబాద్ మనిషి, ఉర్దూ, ఇంగ్లీషు రెండూ వచ్చు, తెలుగు కూడా తనదైన తీరులో వచ్చు. యాభై దాటినవాళ్ళను నెల తిరక్కుండానే ఇంటికి పంపేస్తారు. పది రోజుల్లో ఇంజినీర్ సాబ్ వచ్చి అందరి పాస్‌పోర్టులూ ఒక్కొక్కటే చూస్తాడు.

ఆ పూట ఎవరూ సరిగ్గా తినలేదు. మర్నాటికి క్యాంపులో జుట్లన్నీ నల్లబడ్డాయి. ఎవరో రూవీ బజారుకు వెళ్ళి రంగు సీసాలు తెచ్చారు. ఎండలో పనిచేస్తుంటే చెమటతో కలిసి నల్లటి చారలు చెంపల మీదుగా కారేవి. "ఏం కాకా, జవానీ కారిపోతున్నది, పట్టుకో" అని నేను ఆటపట్టించేవాణ్ణి. నా నవ్వు నాకే గట్టిగా వినపడేది. పాస్‌పోర్టులన్నీ చూస్తారంటే నాది కూడా చూస్తారు. కాగితంలో యాభై రెండేళ్ళ మామ తన అసలు నలభైలా కనపడకపోవచ్చు. సున్నమూ ఎండా కలిసి ఆయన ముఖాన్ని ముందే కాల్చేశాయి, జుట్టు ఆ వంశంలో పాతికేళ్ళకే నెరుస్తుంది. కాని కాగితంలో ఇరవై రెండేళ్ళ నేను పదహారులా మాత్రం బాగా కనపడతాను.

"చాచా, అది తప్పు అని చెప్పుకుంటె ఇనరా?" అన్నాడు మామ.

"వింటడు మియా. సాబ్ మంచోడే. మొన్న ఇబ్రా సైట్‌ల ఒకనిది మార్చిండు. కాని ఊరికే చెప్తే నై చల్తా. సబూత్ కావాలె. నువ్వు ఎప్పుడు పుట్టినవో నీకు మాలూమా?"

"మా అవ్వ చెప్పేది. మిఠాయి ఆగిపోయిన ఏడు పుట్టినవ్ అని."

మామ తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఊళ్ళో టముకు వేశారట. నవాబు గద్దెనెక్కి పాతికేళ్ళయింది, జూబిలీ జరుగుతుంది, ఇంటింటికీ మిఠాయి పంచుతారు అని. ఆవిడ ఎదురుచూసింది. తీరా సముద్రాల అవతల ఎవరో పెద్ద దొరరాజు చచ్చిపోయాడని పండగ ఆపేశారు. మిఠాయి రాలేదు. ఆ ఏడే మామ పుట్టాడు. మరుసటి ఏడు జూబిలీ చేసి మిఠాయి పంచారు. అప్పటికి మామ పాకుతున్నాడు, ఆవిడ వేలి కొసతో నాలుక మీద రాసింది.

చాచా మంచం మీంచి లేచి నిలబడ్డాడు. "అరె మియా! అది నాకు యాద్ ఉన్నది! నాకు ఏడేండ్లు. మా అబ్బా చార్మినార్ దగ్గర దీపాల తోరణాలు కట్టే పని పట్టిండు. ఆపండి అన్నరు. దీపాలన్నీ ఏడాది దాంక మా ఇంట్లనే పడి ఉండె, పండెతందుకు జాగ లేకుండె." వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "నీకు నలభై ఏండ్లు. ఖుదా కసమ్, నలభై!"

మామ తన వయసు మొదటిసారి విన్న మనిషిలా తన చేతుల వంక చూసుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఒక తల్లి మాట, ఒక ఆగిపోయిన పండగ, ఒక చచ్చిపోయిన రాజు. చాలు. కాని నేను ఆగే రకం కాదు.

కాలువ అవతలి తోట ఒక ముసలాయనది. మేమిద్దరం ముందు దొంగా దొరలుగా పరిచయమయ్యాం. ఆయన ఖర్జూరాలు రాళ్ళతో కొడుతూ నేను దొరికిపోయాను. చెయ్యెత్తుతాడనుకుంటే పళ్ళెం నిండా పెట్టి, గిన్నెడు చేదు కహ్వా, అంటే వాళ్ళ కాఫీ, పోసి, "రాయితో కొట్టినవి దెబ్బ తింటాయి, అడుగు" అని వచ్చీ రాని హిందీలో చెప్పాడు. వయసంతా జంజిబార్ దీవిలో లవంగాల వ్యాపారం చేసి, అక్కడ గొడవలైతే ఒక్క పెట్టెతో తిరిగొచ్చాడు. నేను మామ కథ చెప్పగానే ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. "ఆ ఏడా? ఆ ఏడు మా దీవిలో కూడా మా సుల్తానుకు జూబిలీ!" అని ఆ పెట్టె తెరిచాడు. కర్పూరం వాసన, లవంగం వాసన. అడుగున అట్టవేసి కుట్టిన ఒక బొమ్మల పత్రిక. ఏడాది మొత్తానివీ ఉన్నాయి. జూబిలీ బొమ్మ ఉందని దాచుకున్నాడట.

మూడు సాయంత్రాలు నేనూ చాచా దాని ముందు కూర్చున్నాం. చాచా కింద ఉన్న రాత చదివి చెప్పేవాడు. నేను బొమ్మల్ని మింగేవాణ్ణి. అయిదో తరగతిలో ఆగిపోయిన నా చదువు ఆ తోటలో మళ్ళీ మొదలైంది. ఒకే ఏడాదిలో ఇంగ్లీషు వాళ్ళకు ముగ్గురు రాజులు. ఒకాయన చచ్చిపోయాడు, ఒకాయన మనసుపడ్డ ఆడమనిషి కోసం గద్దె దిగిపోయాడు, ఒకాయన వద్దంటున్నా ఎక్కాల్సి వచ్చిన తమ్ముడు. ఎర్ర సముద్రం పక్కన ఒక నల్ల చక్రవర్తి, గడ్డం, నల్ల దుప్పటి, రాజ్యం పోగొట్టుకుని పరాయి దేశాల పెద్దల సభలో నిలబడి ఉన్నాడు. ఇంకో దేశంలో ఒకే ఊరివాళ్ళు వీధికి అటూ ఇటూ ఇసుక బస్తాలు పేర్చుకుని కాల్చుకుంటున్నారు. మన పిల్లలు హాకీ కర్రలాటలో జర్మనీ వాళ్ళను వాళ్ళ గడ్డ మీదే ఎనిమిది గోల్స్‌తో కొట్టారు. చివర్లో, లండన్‌లో ఒక పెద్ద అద్దాల మేడ రాత్రికి రాత్రి కాలిపోయింది.

"ఇవన్నీ మామకు నేర్పుదాం చాచా," అన్నాను. "సాబ్ ముందట గడగడ చెప్తే ఇంక తిరుగుండది."

చాచా సగం మనసుతో తల ఊపాడు. అందరికీ అంత భయంగా ఉంది. ఎవరు ఏం చెప్పినా దారిలాగే కనపడేది.

పరంజా మీద పాఠాలు మొదలయ్యాయి. నేను సిమెంటు మాలు అందిస్తూ అడిగేవాణ్ణి. మామ బ్లాకు మీద బ్లాకు పెడుతూ చెప్పేవాడు.

"మొదటి రాజు?"

"సచ్చిండు. మిఠాయి ఆగింది."

"రెండో రాజు?"

"ఆడామె కోసం గద్దె దిగిండు. దిగుడేంది రా పిచ్చోడా, ఆమెను గూడ ఎక్కించుకోవాలె గని."

"అవన్నీ నీకెందుకు మామా. నల్ల రాజు?"

"పెద్ద మీటింగుల తన గోడు చెప్పుకుంటుంటె కొందరు ఈలలు ఏసిండ్రు." మామ తాపీ ఆపాడు. "మనిషి తన గోస చెప్పుకుంటుంటె ఈలలు ఏస్తరా అల్లుడా?"

"ఏసిండ్రట."

"అయ్యో." ఇంకో బ్లాకు అందుకున్నాడు. తర్వాత, "అద్దాల మేడ కాలింది. కాని అద్దం ఎట్ల కాలుతది రా? కట్టినోడు లోపట కట్టె పెట్టి ఉంటడు. సుతారిని అడుగక కట్టుకుంటె గంతే."

తొమ్మిది రోజుల్లో మామకు ఆ ఏడాది మొత్తం కంఠతా వచ్చేసింది. నిద్రలో కూడా ఒకసారి "ఎనిమిది గోల్స్" అన్నాడని పక్క మంచం వాళ్ళు చెప్పారు. నేను మాత్రం నిద్రపోయేవాణ్ణి కాదు. పరీక్ష మామదే అయినా, దాని వెనకాల నాది వరసలో నిలబడి ఉంది. ఎవరైనా నా వైపు కొంచెం ఎక్కువసేపు చూస్తే గొంతు బొంగురు చేసి దగ్గేవాణ్ణి.

పదో రోజు వచ్చింది. సైట్ ఆఫీసు రేకుల గది. ఫ్యాను గరగర తిరుగుతున్నా మండిపోతోంది. రూమ్‌ల వారీగా ఇద్దరిద్దరిని పిలుస్తున్నారు. మామనూ నన్నూ కలిపి పిలిచారు. టేబుల్ వెనక ఇంజినీర్ సాబ్, ఇంగ్లీషు దొర, అరవై ఏళ్ళుంటాయి, ముక్కు మీద తోలు ఊడి ఎర్రగా ఉంది. పక్కన చాచా. టేబుల్ మీద రెండు పాస్‌పోర్టులు, పైన మామది, కింద నాది.

మామ తల గుడ్డ తీసి చేతిలో పట్టుకుని తల్లి మాట చెప్పాడు. టముకు, మిఠాయి, ఆగిపోయిన పండగ. చాచా ఇంగ్లీషు చేశాడు. తన అబ్బా దీపాల సంగతి కూడా కలిపాడు. సాబ్ కలం పక్కన పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ ఏదో అన్నాడు.

"రాజు చచ్చిన దినం సాబ్‌కు యాద్ ఉన్నదంట," అని చాచా మెల్లగా చెప్పాడు. "కాలేజీల చదువుతుండె అంట. చలి అంట. అన్ని గంటలు మోగినయంట." చాచా కళ్ళు నాతో 'అయిపోయింది, గెలిచాం' అన్నాయి.

సాబ్ కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం తీశాడు.

అప్పుడు నేను మామను వెనక నుంచి మోచేత్తో పొడిచాను. "మిగిలినయి గూడ చెప్పు మామా."

ఎందుకు పొడిచానో నలభై అయిదేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. తొమ్మిది రోజుల నా కష్టం వినపడకుండా పోతుందనా? నా తెలివిని ఎవరూ చూడకుండా పోతుందనా?

మామ గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండో రాజు, ఆడామె, తమ్ముడు. సాబ్ నవ్వాడు. నల్ల చక్రవర్తి. సాబ్ నవ్వుతూ తల ఊపాడు. వీధిలో ఇసుక బస్తాలు. ఎనిమిది గోల్స్. మామకు ఊపు వచ్చింది, చేతులు కూడా లేస్తున్నాయి. "అద్దాల మేడ కాలుతుంటె ఆకాశం అంతా ఎర్రగైంది సార్, పది ఊర్లకు కనపడ్డది!" ఆ ఎర్ర ఆకాశం పత్రికలో లేదు. మామ సొంతంగా వేసిన పూత.

సాబ్ నవ్వు ఆగింది. కలం కింద పెట్టి చాచాతో నిదానంగా మాట్లాడాడు. చాచా ముఖం సిమెంటు రంగుకు తిరిగింది.

"ఏమంటుండు?" అన్నాడు మామ.

చాచా నేల వంక చూస్తూ చెప్పాడు. "ఇన్ని సంగతులు యాద్ ఉన్నయంటే అప్పటికి నువ్వు తొట్టెలల లేవంట మియా. పదేండ్లన్నా ఉంటవంట. పాస్‌పోర్టు కరెక్టే అంటున్నడు."

చాచా తేరుకుని ఇంగ్లీషులో ఏదో అన్నాడు, ఎవరో నేర్పారని అనుంటాడు. సాబ్, "ఎవరు?" అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆ చెయ్యి అలాగే కిందికి దిగి రెండో పాస్‌పోర్టు తీసింది. తెరిచింది. సాబ్ ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ఫొటో చూశాడు.

"ట్వంటీ టూ?"

చెప్పాల్సింది చాలా చిన్న మాట. నేనే నేర్పాను సార్. నాకు పదహారు. మా కాగితాలన్నీ అబద్ధాలే, నా ముఖమే సాక్ష్యం, చూడండి. అంతే. నా నోట్లో అది తయారుగా ఉంది. నాలుక మీద ఎండు నిమ్మకాయ తొక్కలా చేదుగా తగులుతోంది. మామ తల తిప్పి ఒక్కసారి నా కళ్ళలోకి చూశాడు.

"యెస్ సర్," అన్నాను. గొంతు బొంగురు చేసి. "ట్వంటీ టూ."

నా జీవితంలో నేను తడబడకుండా మాట్లాడిన మొదటి ఇంగ్లీషు అదే.

మామ సాబ్ వైపు తిరిగాడు. "నాకు ఎవ్వలు నేర్పలే సార్," అన్నాడు. "నాకే యాదున్నయి. నేనే సూసిన."

చాచాకు ఆ మాటను ఇంగ్లీషు చెయ్యడానికి చాలాసేపు పట్టింది.

వారం తర్వాత, ఇంటి విమానం కోసం హమ్రియా రూమ్‌కు వెళ్ళే లారీలో మామ ట్రంకు పెట్టె ఎక్కించాం. ముందురోజు సాయంత్రం ఆయన అందరికీ పచ్చిపులుసు చేశాడు. నాకు వడ్డిస్తున్నప్పుడు నేను తలెత్తలేదు. నా పళ్ళెంలో మాత్రం రెండు గరిటెలు ఎక్కువ పడ్డాయి. లారీ ఎక్కేముందు కాలువ దగ్గరికి వెళ్ళి కాళ్ళు తడుపుకుని వచ్చి, తన తాపీ నా చేతిలో పెట్టాడు.

"బడి అయిపోయినంక ఓ దినం దాంట్ల కూసోని రా అల్లుడా. నీకు మస్తు యాదుంటది. చదువుకునే తల నీది."

ఎకసెక్కం అనుకుని ముఖం చూశాను. కాదు.

ఆ కంపెనీ నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. నేను ఆ దేశంలో పందొమ్మిదేళ్ళు ఉన్నాను. సమాయిల్ తర్వాత బురైమి, సోహార్, ఎన్నో గోడలు. జోకులు మానలేదు. మొదటి సెలవుకు వచ్చినప్పుడు ధైర్యం చేసి పక్క ఊరికి వెళ్ళాను. మామ బావిలో ఉన్నాడు. పేలుడు మందుకు గతిలేక, ఉలీ సుత్తీ పట్టుకుని బండను గోరంత గోరంత తీస్తున్నాడు. అత్త పైన గిరక లాగుతోంది. తవ్విన రాయి తట్టతో పైకి వస్తుంటే అడుగు నుంచి గొంతు వినపడింది.

"ఎవలే వచ్చింది?"

"నేను మామా. అల్లుణ్ణి."

సుత్తి కింద పెట్టిన చప్పుడు. తర్వాత నవ్వు. "ముగ్గురు రాజులున్నరారా? బాగున్నరా?"

ఆ రోజు చెబుదామనే వెళ్ళాను. బావి గట్టు మీద కూర్చుని క్యాంపు కబుర్లు చెప్పాను, చాచా కబుర్లు చెప్పాను, అత్తను నవ్వించాను. చెప్పాల్సింది చెప్పలేదు. ఆయన అడగలేదు. ప్రతి సెలవుకూ అదే జరిగింది. ఊళ్ళో పిల్లలకు మాత్రం ఆ ఏడాది మొత్తం కథలు కథలుగా చెప్పేవాడట. నల్ల రాజు దగ్గర ప్రతిసారీ గొంతు తగ్గించేవాడట.

అయిదో ఎండాకాలం నీళ్ళు పడ్డాయి. అప్పటికి మామ నడుము వంగిపోయింది, ఒక చెవి వినపడటం మానేసింది. పాస్‌పోర్టు రాసిన ఏళ్ళన్నీ ఆ గుంతలో ఆయన ఒంటికి ఎక్కాయి. తర్వాత రేషన్ కార్డూ ఆధారూ ఆ పాస్‌పోర్టును చూసే రాశారు. చివరికి ఈ ఫ్లెక్సీ.

టీ గ్లాసు పెట్టేసి ఫ్లెక్సీ కొట్టు వెతుక్కుంటూ వెళ్ళాను. కుర్రవాడు కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళికొడుకు ముఖం తెల్లగా చేస్తున్నాడు.

"బిడ్డా, చౌరస్తాల కట్టిన దాంట్ల వయసు తప్పు పడ్డది. మార్చి ఇంకోటి కొట్టు, నేనిస్త పైసలు."

"తప్పెట్లయితది తాతా? ఆధారే పంపిండ్రు వాళ్ళ కొడుకు. నీ దగ్గర వేరే కాయితం ఉన్నదా?"

కాగితం లేదు. ఉన్నదల్లా నోరే. మొదలుపెట్టాను. మిఠాయి ఆగిపోయిన పండగ, ముగ్గురు రాజులు, సభలో వేసిన ఈలలు, ఎనిమిది గోల్స్, కాలిపోయిన అద్దాల మేడ, పది ఊర్లకు కనపడ్డ ఎర్ర ఆకాశం. ఒక్కటి కూడా మరిచిపోలేదు. కుర్రవాడు మౌస్ మీంచి చెయ్యి తీసి నోరు తెరుచుకుని విన్నాడు.

"అబ్బో," అన్నాడు. "ఇవన్నీ నీకు యాదున్నయంటే అప్పటికి నువ్వు ఎంత పెద్దోనివి తాతా?"

నా చెవుల్లో రేకుల గది ఫ్యాను తిరిగింది.

"నేను అప్పటికి పుట్టనే లేదు," అన్నాను. "ఆయనకు ఇవన్నీ నేర్పింది నేనే. నేర్పేనాటికి నాకు పదహారేండ్లు. పాస్‌పోర్టుల ఇరవై రెండని ఉండె. అబద్ధం అది."

కుర్రవాడికి సగం కూడా అర్థమై ఉండదు. మౌస్ అందుకుని మామ ఫ్లెక్సీని తెర మీద తెరిచి, అంకె దగ్గరికి వెళ్ళాడు.

"సరే, ఎంత కొట్టాలె మరి?"

"ఎనభై అయిదు."

మిషన్ కదిలింది. ఘాటైన రంగు వాసన. ఫ్లెక్సీ జానెడు జానెడుగా బయటికి రావడం మొదలైంది. ముందు దేవతలు, పూలు, తర్వాత మంచుకొండల కొసలు, తర్వాత మామ తెల్లజుట్టు, నుదురు. కళ్ళు వచ్చేలోపు నేను బయటికి వచ్చి రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.